కారు సబ్‌వూఫర్ వైరింగ్‌లో ఫ్యూజ్ ఎవరి కోసం?

కారులో సబ్‌వూఫర్ (బాస్ శబ్దాలు వినిపించే స్పీకర్) బిగించాలనుకునేవాళ్లను మొదట తికమక పెట్టేవి సలహాలే. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టి తీరాలని ఒకరంటారు. యాంప్లిఫయర్‌లో ఎలాగూ ఫ్యూజ్ ఉంది, మళ్లీ ఇంకొకటెందుకని మరొకరంటారు. 8 గేజ్ వైరు (గేజ్ వైరు మందానికి కొలత, అంకె తగ్గేకొద్దీ వైరు లావు) చాలని ఒకచోట, 4 గేజ్ లేనిదే పని మొదలుపెట్టొద్దని ఇంకోచోట వినిపిస్తుంది. పెట్టె మీద 2000 వాట్లని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, యాంప్లిఫయర్ పక్కన చూస్తే 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఒక్కటే కనిపిస్తుంది. ఈ సలహాల వెనకున్న కారణాలు తెలిస్తే ఏది తనకు వర్తిస్తుందో, ఏది వర్తించదో ఎవరికి వాళ్లే తేల్చుకోవచ్చు. అందుకు కావాల్సిన లెక్కలు హైస్కూల్ స్థాయివే.

## క్లుప్తంగా

బ్యాటరీ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లే ప్లస్ వైరుకు, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఫ్యూజ్ ఉండాలి. దాని సైజు వైరు తట్టుకునే పరిమితిని దాటకూడదు. యాంప్లిఫయర్ నుంచి కారు బాడీకి వెళ్లే ఎర్త్ వైరు అంతే మందంతో, పొట్టిగా, పెయింట్ గీకేసిన లోహం మీద బిగియాలి. సబ్‌వూఫర్ కాయిల్స్‌ను (లోపలి తీగ చుట్టలను) కలిపాక వచ్చే ఓమ్‌లు యాంప్లిఫయర్ కనీస పరిమితికంటే తగ్గకూడదు. స్టీరియో సిగ్నల్‌కు యాంప్లిఫయర్‌ను సరిపెట్టే గెయిన్ నాబ్‌ను వాల్యూమ్‌లా తిప్పకూడదు.

## 12 వోల్టులతో వచ్చే చిక్కు

కారులో ఉండేది 12 వోల్టులే. చేత్తో ముట్టుకున్నా మామూలుగా షాక్ కొట్టదు. ఆ ధైర్యంతోనే చాలామంది ఈ పనిని తేలిగ్గా తీసుకుంటారు. ఇక్కడ ప్రమాదం షాక్ రూపంలో రాదు, వేడి రూపంలో వస్తుంది.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. వోల్టులు తక్కువగా ఉంటే అదే పనికి ఆంపియర్లు ఎక్కువ కావాలి. 230 వోల్టుల మీద నడిచే 500 వాట్ల పరికరానికి రెండు ఆంపియర్ల పైచిలుకు సరిపోతుంది. కారులో ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఉండేది సుమారు 13.8 వోల్టులు. క్లాస్ డి యాంప్లిఫయర్ తాను తీసుకున్న దాంట్లో 80 శాతం స్పీకర్‌కు పంపగలదనుకుంటే, 500 వాట్లు బయటికి రావాలంటే 625 వాట్లు లోపలికి వెళ్లాలి. అంటే 45 ఆంపియర్లు. పాత తరహా క్లాస్ ఏబీ యాంప్లిఫయర్ 60 శాతం దగ్గర పనిచేస్తుందనుకుంటే అదే లెక్క 60 ఆంపియర్లకు చేరుతుంది. ఇంట్లో గీజర్‌కు వేసే లైన్‌లో కూడా అంత కరెంటు పారదు.

రెండో సంగతి బ్యాటరీది. స్టార్టర్ మోటార్‌ను తిప్పడం కోసం వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఇచ్చేలా దాన్ని తయారుచేస్తారు. ప్లస్, మైనస్ నేరుగా కలిస్తే అది ఆగి ఆలోచించదు, ఉన్నదంతా ఆ దారిలో పోస్తుంది. రెండు టెర్మినల్స్‌కు అడ్డంగా పడిన స్పానర్ ఎర్రగా కాలి అక్కడే అతుక్కుపోయేంత శక్తి అందులో ఉంది.

వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 8 గేజ్ రాగి వైరు మీటరుకు సుమారు 2 మిల్లీఓమ్‌ల నిరోధం చూపిస్తుంది. దాంట్లో 45 ఆంపియర్లు పారితే మీటరుకు 4 వాట్ల పైన వేడి పుడుతుంది, అది గాలిలో కలిసిపోతుంది. అదే వైరులో 120 ఆంపియర్లు పారితే వేడి మీటరుకు 30 వాట్ల దగ్గరికి వెళుతుంది. కరెంటు మూడింతలు కూడా కాలేదు, వేడి మాత్రం ఏడింతలైంది. అది కార్పెట్ కింద, గాలి ఆడని చోట, ప్లాస్టిక్ తొడుగు లోపల చేరుతుంది.

## ఫ్యూజ్ కాపాడేది వైరును

చాలా గందరగోళానికి మూలం ఇక్కడుంది. యాంప్లిఫయర్ మీద ఉండే ఫ్యూజ్ ఆ యాంప్లిఫయర్ లోపల ఏదైనా పాడైతే కరెంటు ఆపడానికి ఉంటుంది. బ్యాటరీ దగ్గర పెట్టే ఫ్యూజ్ పని వేరు. అది బ్యాటరీకీ డిక్కీకీ మధ్య నాలుగైదు మీటర్లు నడిచే వైరును కాపాడుతుంది.

ఆ వైరు దారిని ఒక్కసారి ఊహించుకుంటే విషయం తేటపడుతుంది. బానెట్ కింద బ్యాటరీ దగ్గర మొదలై, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఇనుప గోడలోని రంధ్రం గుండా లోపలికి వచ్చి, డోర్ పక్క ప్లాస్టిక్ పట్టీ కింద నడిచి, వెనక సీటు కింది నుంచి డిక్కీలోకి చేరుతుంది. ఆ గోడ రేకు అంచు పదునుగా ఉంటుంది. ఇంజిన్ నడిచినంతసేపూ గోడా వైరూ ఒకదానికొకటి రుద్దుకుంటాయి. రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు గ్రోమెట్ లేకపోతే నెలలు గడిచేకొద్దీ ఆ అంచు తొడుగును కోస్తుంది. ఒకరోజు రాగి కారు బాడీని తాకుతుంది. బాడీ మొత్తం బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉంటుంది కాబట్టి అది నేరుగా షార్ట్. అప్పుడు కరెంటు యాంప్లిఫయర్ దాకా వెళ్లనే వెళ్లదు, దారిలోనే బాడీలోకి దిగిపోతుంది. యాంప్లిఫయర్ మీదున్న ఫ్యూజ్‌కు ఏం జరుగుతోందో తెలిసే అవకాశమే లేదు. దాన్ని ఆపగలిగేది బ్యాటరీ పక్కనున్న ఫ్యూజ్ ఒక్కటే.

బ్యాటరీ టెర్మినల్‌కూ ఫ్యూజ్‌కూ మధ్యనున్న ముక్కకు మాత్రం ఏ రక్షణా ఉండదు. అందుకే ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. 45 సెంటీమీటర్ల లోపు అనే నియమం కార్ ఆడియో పనిలో బాగా పాతుకుపోయింది. 15 సెంటీమీటర్లకే పెట్టగలిగితే అదే పెట్టాలి. బ్యాటరీ డిక్కీలోనే ఉన్న కార్లలో వైరు పొట్టిదే కదా అని ఫ్యూజ్ మానేయడం కూడా సరికాదు. షార్ట్ కావడానికి ఒక చదరపు మిల్లీమీటరు రాగి బయటపడితే చాలు.

ఇక సైజు. యాంప్లిఫయర్ మీద 30 ఆంపియర్ల ఫ్యూజులు రెండున్నాయనుకుంటే అది అత్యధికంగా 60 దాకా తీసుకోవచ్చు. మెయిన్ ఫ్యూజ్ అంతకు తగ్గితే గట్టి బాస్ వచ్చినప్పుడల్లా అనవసరంగా ఎగిరిపోతుంది. పైపరిమితిని నిర్ణయించేది వైరు. కారులో వాడే పొడవులకు 8 గేజ్ రాగి వైరుకు 50 నుంచి 60, 4 గేజ్‌కు 100 నుంచి 125, 0 గేజ్‌కు 250 నుంచి 300 ఆంపియర్ల ఫ్యూజ్ సాధారణంగా వాడతారు. వైరు తయారీదారు ఇంకా తక్కువ చెబితే ఆ మాటే చెల్లుతుంది. 60 ఆంపియర్ల యాంప్లిఫయర్‌కు 4 గేజ్ వైరు వేస్తే 80 ఆంపియర్ల ఫ్యూజ్ చక్కగా కుదురుతుంది.

ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని 150 ఆంపియర్లది పెట్టేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు. 8 గేజ్ వైరుకు 150 ఆంపియర్ల ఫ్యూజ్ పెడితే, పైన లెక్కవేసిన 120 ఆంపియర్లు ఎంతసేపు పారినా ఆ ఫ్యూజ్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అప్పుడు సర్క్యూట్‌లో అందరికంటే ముందు కాలేది వైరే. షార్ట్ ప్రతిసారీ పూర్తిస్థాయిలోనే జరగదన్నది కూడా గుర్తుంచుకోవాలి. వైరులోని ఒకటి రెండు పోగులు మాత్రమే బాడీని తాకుతూ, విడిపోతూ ఉంటే కరెంటు ఒక మోస్తరుగా చాలాసేపు పారుతుంది. వేడెక్కి పొగ రావడానికి ఎక్కువ ఆస్కారం ఇచ్చేది ఇలాంటి సగం షార్టే. ఫ్యూజ్ పదేపదే పోతోందంటే తప్పు ఎక్కడో ఉందని అర్థం, దాన్ని వెతికి పట్టుకోవాలి.

ఒకే మెయిన్ వైరును డిస్ట్రిబ్యూషన్ బ్లాక్ దగ్గర రెండు సన్న వైర్లుగా విడదీస్తే అక్కడ మళ్లీ ఒక్కో వైరుకు దాని మందానికి తగిన ఫ్యూజ్ కావాలి. బ్యాటరీ దగ్గరున్న పెద్ద ఫ్యూజ్ సన్న వైరును కాపాడలేదు.

## గేజ్ లెక్క, రాగి పేరుతో అమ్మే అల్యూమినియం

గేజ్ నంబర్ తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. 8 గేజ్ అంటే 8.4 చదరపు మిల్లీమీటర్ల లోహం, 4 గేజ్ అంటే 21 పైన, 0 గేజ్ అంటే 53 పైన. 45 ఆంపియర్లు ఐదు మీటర్ల 8 గేజ్ రాగి వైరులో పారితే దాదాపు అర వోల్టు దారిలోనే పోతుంది. 4 గేజ్ అయితే 0.2 వోల్టుల లోపే. అర వోల్టే కదా అనిపించవచ్చు. ఎర్త్ వైపు, ఫ్యూజ్ హోల్డర్ దగ్గర, టెర్మినల్ దగ్గర పోయేవీ దానికి తోడైతే బాస్ పడినప్పుడల్లా యాంప్లిఫయర్‌కు 12 వోల్టులు కూడా అందని పరిస్థితి వస్తుంది.

చవకగా దొరికే వైరింగ్ కిట్లలో చాలావాటిలో ఉండేది రాగి పూత వేసిన అల్యూమినియం. దాన్నే సీసీఏ అంటారు. అల్యూమినియం వాహకత రాగిలో 61 శాతమే. కాబట్టి 4 గేజ్ రాగి చేసే పనికి సీసీఏ అయితే కనీసం 2 గేజ్ వేయాలి. అల్యూమినియం బిగింపు కింద నలిగి మెల్లగా వదులవుతుంది, తేమ తగిలే చోట తొందరగా చెడుతుంది. వైరు చివర కోసి చూస్తే లోపలి పోగులు వెండి రంగులో మెరుస్తుంటే అది సీసీఏ కావచ్చు. తగరం పూత వేసిన రాగి కూడా పైకి అలాగే కనిపిస్తుంది కాబట్టి ఒక పోగును బ్లేడుతో గీకి చూడాలి. పూత కింద ఎరుపు రంగు కనిపిస్తే రాగి, తెలుపు కనిపిస్తే అల్యూమినియం. కొన్ని కిట్లలో తొడుగు మాత్రమే లావుగా ఉండి లోపల లోహం 4 గేజ్‌కు చాలా తక్కువ ఉంటుంది. సీసీఏ వాడటమే తప్పని చెప్పలేం, దాన్ని రాగి లెక్కతో వాడటం తప్పు.

## బాడీ ఎర్త్

ప్లస్ వైరు మీద పెట్టినంత శ్రద్ధ ఎర్త్ మీద పెట్టేవాళ్లు తక్కువ. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రావాల్సింది ఆ దారినే కాబట్టి మందం రెండింటికీ ఒకటే ఉండాలి. యాంప్లిఫయర్ నుంచి బాడీకి అర మీటరు లోపే చూసుకోవాలి.

బాడీ రేకు మీద ప్రైమర్, పెయింట్ పొరలు ఉంటాయి. అవి కరెంటును పారనివ్వవు. బోల్టు మరల దగ్గర కాస్త లోహం తగలడం వల్ల మీటర్ పెడితే కనెక్షన్ ఉన్నట్టే చూపిస్తుంది, అసలు లోడ్ పడినప్పుడు గుట్టు బయటపడుతుంది. ఆ జాయింట్‌లో 0.05 ఓమ్ నిరోధం మిగిలిందనుకుంటే 45 ఆంపియర్ల దగ్గర అక్కడ రెండు వోల్టుల పైన పోతుంది, వంద వాట్ల వేడి ఆ ఒక్క బోల్టు దగ్గర పుడుతుంది. పెయింట్‌ను ఎమెరీ పేపర్‌తో తళతళలాడే లోహం కనిపించేదాకా రుద్ది, వైరు చివరకు నొక్కి బిగించిన (క్రింప్ చేసిన) రింగ్ లగ్‌ను పళ్ల వాషర్‌తో బిగించి, ఆపైన తుప్పు పట్టకుండా పెయింట్ గానీ గ్రీజు గానీ పూయాలి. ముందు పూసి తర్వాత బిగించడం తప్పు.

సీట్ బెల్ట్ బోల్టులను ఎర్త్‌కు వాడకూడదు. అవి ప్రాణాలు నిలిపేవి, నిర్ణీత బిగువుతో బిగించినవి, వాటి మధ్య అదనపు లగ్గు దూర్చడం మంచిది కాదు. కొత్త రంధ్రం వేయాల్సి వస్తే డ్రిల్ పెట్టేముందు కారు కిందికి వంగి చూడాలి. వెనక సీటు కింద, డిక్కీ కింద పెట్రోల్ ట్యాంకు, ఇంధన పైపులు, బ్రేకు పైపులు ఉండే అవకాశం ఎక్కువ.

బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉండే కార్లు ఇప్పుడు చాలా వచ్చాయి. ఎంత కరెంటు వాడకమైందో ఆ సెన్సర్ లెక్కకడుతుంది. దాన్ని దాటేసి మైనస్ టెర్మినల్‌కే నేరుగా వైరు కలిపితే కారు కంప్యూటర్‌కు ఆ వాడకం తెలియదు, ఛార్జింగ్ లెక్క తప్పుతుంది. బాడీకే ఎర్త్ ఇవ్వడానికి ఇదొక అదనపు కారణం.

## రిమోట్, సిగ్నల్ వైర్లు

స్టీరియో వెనక నుంచి వచ్చే సన్నని రిమోట్ వైరు పని యాంప్లిఫయర్‌ను ఆన్ చేయడమే. సాధారణంగా నీలం, తెలుపు చారల్లో ఉంటుంది. పని తేలికవుతుందని దాన్ని నేరుగా బ్యాటరీ ప్లస్‌కు కలిపితే యాంప్లిఫయర్ రాత్రంతా ఆన్‌లోనే ఉంటుంది, పొద్దున కారు సెల్ఫ్ తీసుకోదు.

స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌కు సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుళ్లను పవర్ వైరుకు అవతలి పక్క నుంచి తేవడం మంచిది. ఎక్కడైనా దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి. ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతూ తగ్గుతూ వినిపించే కూత వస్తే ఎక్కువసార్లు కారణం ఎర్త్‌లో ఉంటుంది. స్టీరియోకు ఆర్‌సీఏ అవుట్‌పుట్ లేకపోతే స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవల్ ఇన్‌పుట్ గానీ, లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ గానీ వాడాలి.

## ఓమ్‌ల లెక్క ఎక్కడ తప్పుతుంది

నాలుగు ఓమ్‌ల కాయిల్స్ రెండున్న సబ్‌వూఫర్‌ను రెండు రకాలుగా కలపవచ్చు. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే అది ప్యారలల్, యాంప్లిఫయర్‌కు 2 ఓమ్‌లు కనిపిస్తాయి. ఒకదాని మైనస్‌ను రెండోదాని ప్లస్‌కు కలిపితే సిరీస్, 8 ఓమ్‌లు. రెండు ఓమ్‌ల కాయిల్స్ అయితే అవే 1, 4 అవుతాయి. ఓమ్‌లు తగ్గేకొద్దీ యాంప్లిఫయర్ నుంచి కరెంటు ఎక్కువ పారుతుంది, వాట్లు పెరుగుతాయి, వేడీ పెరుగుతుంది. యాంప్లిఫయర్ 2 ఓమ్‌ల దాకానే తట్టుకుంటుందని రాసి ఉండగా 1 ఓమ్ ఇస్తే అది వేడెక్కి, తనంతట తానే ఆగిపోయే ప్రొటెక్ట్‌లోకి వెళుతుంది. రక్షణ సర్క్యూట్ సరిగా లేనిదైతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి.

బ్రిడ్జింగ్‌లో ఇంకో మెలిక ఉంది. రెండు ఛానెళ్లను కలిపి ఒక సబ్‌వూఫర్‌కు ఇచ్చినప్పుడు ఒక్కో ఛానెల్‌కు అసలు లోడ్‌లో సగమే కనిపిస్తుంది. స్టీరియోలో 2 ఓమ్‌లకు తట్టుకునే యాంప్లిఫయర్ బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్‌లకే పనికొస్తుంది. స్పెసిఫికేషన్‌లో 2 ఓమ్‌లని చూసి బ్రిడ్జ్‌లో 2 ఓమ్‌ల సబ్‌వూఫర్ కలిపేవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బ్రిడ్జ్ చేసినప్పుడు స్పీకర్ మైనస్‌ను బాడీకి తాకించకూడదు. ఆ టెర్మినల్‌లోనూ సిగ్నల్ ఉంటుంది, అది ఎర్త్ కాదు.

కలిపాక మల్టీమీటర్‌తో చూసుకోవచ్చు. 4 ఓమ్‌ల కాయిల్ మీటర్‌లో 3.2 నుంచి 3.7 వరకు చూపిస్తుంది, అది మామూలే. ఒకే పెట్టెలో రెండు సబ్‌వూఫర్లు ఉండి ఒకదాని ప్లస్, మైనస్ తారుమారైతే ఒకటి ముందుకు కదిలినప్పుడు రెండోది వెనక్కి పోతుంది, బాస్ దాదాపు మాయమవుతుంది.

## గెయిన్, పెట్టె మీది వాట్లు

గెయిన్ పని స్టీరియో ఇచ్చే సిగ్నల్ వోల్టేజీకి యాంప్లిఫయర్‌ను సరిపెట్టడం. దాన్ని చివరిదాకా తిప్పితే శబ్దం పెరుగుతున్నట్టే అనిపిస్తుంది, నిజానికి యాంప్లిఫయర్ ఇవ్వగలిగిన వోల్టేజీ అయిపోయి తరంగం శిఖరాలు తెగిపోతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అంతే ఎత్తున్న చతురస్ర తరంగంలో మామూలు తరంగం కంటే రెట్టింపు పవర్ ఉంటుంది. ఆ అదనమంతా వాయిస్ కాయిల్‌లో వేడిగా మారుతుంది. చిన్న యాంప్లిఫయర్ వాడితే సబ్‌వూఫర్ కాలిపోతుందనే మాటకు మూలం ఇదే. తక్కువ వాట్ల వల్ల ఏదీ కాలదు, ఆ తక్కువ వాట్లను బలవంతంగా పెంచబోవడం వల్ల కాలుతుంది.

మల్టీమీటర్‌తో గెయిన్ సెట్ చేయడానికి స్పీకర్ వైర్లు విప్పి, బాస్ బూస్ట్ తీసేసి, స్టీరియోను ముప్పావు వాల్యూమ్‌లో ఉంచి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ మోగిస్తూ అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టేజీ చూస్తారు. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే కావాల్సిన వోల్టేజీ వస్తుంది. 2 ఓమ్‌ల దగ్గర 500 వాట్లకు అది 31.6 వోల్టులు.

ఇక్కడ లెక్కలోకి తీసుకోవాల్సినవి నిలకడగా ఇవ్వగలిగే ఆర్‌ఎంఎస్ వాట్లు, పెట్టె మీది మ్యాక్స్ వాట్లు కావు. 14.4 వోల్టులు, 4 ఓమ్‌లు, ఒక శాతానికి మించని డిస్టార్షన్ దగ్గర కొలవాలనే సీఈఏ-2006 (ఇప్పుడు సీటీఏ-2006) ప్రమాణం పాటించిన యాంప్లిఫయర్ల అంకెలను ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. ఆ గుర్తు లేకపోతే ఫ్యూజ్ చూస్తే చాలు. 30 ఆంపియర్లను 14.4తో గుణిస్తే 432 వాట్లు. అంత లోపలికి తీసుకునేది నిలకడగా 2000 వాట్లు బయటికి ఇవ్వడం అసాధ్యం.

## హెడ్‌లైట్లు మసకబారితే

బాస్ పడినప్పుడల్లా లైట్లు తగ్గుతుంటే కెపాసిటర్ పెట్టమంటారు. ఒక ఫారడ్ కెపాసిటర్ 14.4 నుంచి 12 వోల్టులకు దిగేలోపు ఇచ్చేది 32 జౌళ్లు. 625 వాట్లు లాగే యాంప్లిఫయర్‌కు అది సెకనులో ఇరవయ్యో వంతుకు సరిపోతుంది. క్షణికమైన కుదుపును అది కాస్త సర్దగలదు, ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ లోటును తీర్చలేదు. ముందు ఎర్త్ జాయింట్, వైరు మందం, బ్యాటరీ వయసు చూడాలి. ఐడిల్‌లో, అంటే కారు ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, ఆల్టర్నేటర్ తన పూర్తి సామర్థ్యం ఇవ్వదన్నది కూడా మరవకూడదు. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు వెళ్లకూడదు, అందులో ఉండేది ప్రాణం తీసే వోల్టేజీ.

## పని వరుస

మొదట బ్యాటరీ మైనస్ విప్పాలి. ప్లస్‌తో మొదలుపెడితే స్పానర్ రెండో కొస బాడీని తాకగానే షార్ట్ అవుతుంది. మైనస్ ముందే తీసేస్తే అలా తాకినా ఏమీ కాదు. సీట్ల కింద, పిల్లర్ల వెంబడి కనిపించే పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌లవి, వాటిని కదపకూడదు. అక్కడ పని తప్పనిసరైతే బ్యాటరీ విప్పాక మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. పెడళ్లు, స్టీరింగ్ రాడ్, ఎగ్జాస్ట్ దగ్గరికి వైరు పోకుండా ప్రతి అడుగుకూ టై వేయాలి. యాంప్లిఫయర్‌ను గాలి ఆడేచోట, సబ్‌వూఫర్ పెట్టె అదురు తగలని చోట బిగించాలి.

ఫ్యూజ్ పెట్టకముందే, యాంప్లిఫయర్ కలపకముందే ప్లస్ వైరు చివరకూ బాడీకీ మధ్య మీటర్ పెట్టి చూడాలి. కనెక్షన్ ఉన్నట్టు బీప్ వస్తే దారిలో ఎక్కడో తొడుగు చిరిగిందన్నమాట. అన్నీ సరిగా ఉన్నాక బ్యాటరీ మైనస్ బిగించి, ఆఖరున మెయిన్ ఫ్యూజ్ పెట్టాలి. యాంప్లిఫయర్ లోపలి కెపాసిటర్లు నిండేటప్పుడు ఫ్యూజ్ దగ్గర చిన్న నిప్పురవ్వ రావడం సహజం. ఛార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడే అవకాశం ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఆపి, బానెట్ తెరిచి ఉంచి ఈ పని చేయాలి.

అరగంట గట్టిగా పాటలు మోగించాక ఇంజిన్ ఆపి ఫ్యూజ్ హోల్డర్, ఎర్త్ బోల్టు, యాంప్లిఫయర్ టెర్మినల్స్‌ను ఒక్కొక్కటిగా చేత్తో తడిమి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేలు పెట్టలేనంత వేడిగా ఉన్న జాయింట్ వదులుగా ఉన్నట్టే, దాన్ని విప్పి మళ్లీ క్రింప్ చేయాలి. కొత్త వైరు పోగులు బిగింపు కింద సర్దుకుంటాయి కాబట్టి వారం తర్వాత అన్ని స్క్రూలనూ ఇంకోసారి బిగించుకోవాలి.